కళ్ళు ఆర్పండి

నవంబరు వచ్చిందంటే మా బాబాయి తను బతికే ఉన్నానని గవర్నమెంటుకి చెప్పుకోవాలి. రైల్వే గార్డుగా రిటైరయ్యాడు, ఇప్పుడు 79. మొన్న సాయంత్రం సత్యనారాయణపురంలో వాళ్ళింటికి భోజనానికని వెళ్తే, పిన్ని చేతిలో ఫోను, బాబాయి మొహాన పౌడరు. గొడవ మొదలై అరగంట అయినట్టుంది.

"చూడరా, పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేసి పెడతానన్నాడు, 70 రూపాయలేనట. వద్దని పంపేశారు మీ బాబాయి."

"బతికున్నానని చెప్పడానికి ఎదురు డబ్బులు కట్టాలా? పోయాక రమ్మను, అప్పుడిస్తాను."

"అప్పుడు కూడా ఇచ్చేది నేనే కదా."

క్రితం ఏడు బ్యాంకులో వేలిముద్ర పడలేదు. పది వేళ్ళూ తుడిచి తుడిచి పెట్టినా మిషను ఈయనెవరో తెలీదంది.

"జెండా పట్టిన చెయ్యే, ముద్రలు అరగవూ?" అన్నాడు బాబాయి.

"జెండా పట్టి అరగలేదు, పేక ముక్కలు కలిపి అరిగాయి."

అందుకని ఈసారి మొహం. ఫోన్లో మొహం చూపించి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి 2021 నుంచీ ఉంది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో పిన్ని చేత జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడు ఇంకో ఆధార్ యాప్ పెట్టించాడు. అందులో ముందు ఆపరేటరు మొహం చూపించాలి, తర్వాత పెన్షనరుది. పిన్ని ఆపరేటరు. ఆవిడ మొహం చూపించిందో లేదో టక్కున తీసేసుకుంది.

"చూశారా, నాది ఒక్కసారికే ఓకే అంది."

"నేనూ పెళ్ళిచూపుల్లో ఒక్కసారికే అన్నాను. దానికీ అనుభవం మీద తెలుస్తుందిలే."

ఇక బాబాయి వంతు. ఇక్కడొకటి చెప్పాలి, ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. మిషను ఉంది కానీ బీరువాలో ఉంటుంది. పెట్టుకుంటే కుయ్యిమంటుందట. "ఉద్యోగమంతా నేను విజిల్ ఊదాను, ఇప్పుడదొచ్చి నాకు ఊదుతుందా" అని ఆయన పట్టుదల. కాబట్టి పిన్ని ఏం చెప్పినా ఆయనకి సగమే అందుతుంది, మిగతా సగం సొంతంగా కలుపుకుంటాడు.

పిన్ని ఫోను ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది. స్క్రీన్ మీద గుండ్రం వచ్చింది, కిందేదో ఇంగ్లీషులో రాసుంది. పిన్ని కళ్ళజోడు సర్దుకుని చదివి, "కళ్ళు ఆర్పమంటోందండీ. ఆర్పండి" అంది.

బాబాయి లేచి వెళ్ళి ట్యూబులైటు ఆర్పేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

"అదేం పనండీ!"

"ఆర్పమన్నావుగా."

"లైటు కాదు, కళ్ళు!"

"ఇల్లా? ఇల్లేం అంటుకుందని ఆర్పమంటావు?"

నేను కల్పించుకుని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్తాను!

పిన్ని లైటు వేసి మళ్ళీ పట్టుకుంది. బాబాయి కెమెరా వైపు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు, సిగ్నల్ కోసం చూసే చూపు. చూసి చూసి ఆ గుండ్రం ఎర్రబడింది.

"ఆర్పండీ! రెండూ ఆర్పాలి!" అని అరిచింది పిన్ని.

ఈసారి ట్యూబులైటుతో పాటు పడగ్గది బల్బు కూడా పోయింది.

"రెండూ ఆర్పాను, చాలా?"

"మీతో నావల్ల కాదు. మొహానున్నవి ఆర్పండి మహానుభావా!"

"మొహానున్నవా..." అని బాబాయి అటూ ఇటూ చూశాడు. ఎదురుగా గూట్లో దేవుడి దీపం. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "సంధ్యవేళ దీపం ఆర్పమంటావా? కొండెక్కిందనాలి గానీ ఆ మాట నోటితో అంటారా ఎవరైనా? నేను బతికున్నానో లేదో చూడ్డానికి ఇంట్లో దీపాలు ఆర్పించుకుంటుందా గవర్నమెంటు? పోయినవాళ్ళ ఇంట్లో కూడా దీపం పెడతారే!"

"ఎవరండీ దీపం మాటెత్తింది?"

"అయినా సరే, రూలంటే రూలే. నేను ట్రైన్ మేనేజర్ని."

"గార్డులందరికీ ఆ పేరు పెట్టింది 2022లో. మీరు రిటైరైపోయారు కాబట్టి ధైర్యంగా మేనేజర్ అన్నారు."

ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. గబగబా వరండాలోకి వెళ్ళి మెయిన్ కట్టేశాడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పక్కింటి వెలుగులో బాబాయి పౌడరు మొహం ఒక్కటే కనపడుతోంది.

"ఇప్పుడు తియ్యమను ఫోటో!"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో పులుసు ఉడుకుతున్న చప్పుడు.

"పోనీ మానేద్దాం" అన్నాడు చీకట్లోంచి, గొంతు కాస్త తగ్గించి. "పెన్షన్ ఆపితే ఆపనీ. నేను పోతే నీకు ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ వస్తుంది."

"వస్తుంది, మీకిచ్చేదాంట్లో నూటికి అరవై. మీరుంటే మొత్తం వస్తుంది. పైగా 80 నిండితే ఇంకో 20 శాతం కలుపుతారు, 85కి 30, 90కి 40, అలా నూరేళ్ళకి రెట్టింపు. అన్నీ రాసి పెట్టుకున్నాను. మీరెక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు."

"నూరేళ్ళా? అప్పటికి నీకు తొంభై అయిదు."

"అప్పటికి నా చెవులూ పోతాయి. అప్పుడు చూద్దాం ఎవరు ఎవర్ని ఏడిపిస్తారో. వెళ్ళి మెయిన్ వెయ్యండి, సాయంత్రం మాత్ర కూడా వేసుకోలేదు మీరు."

ఈ మాటలన్నీ ఎలా వినపడ్డాయో నాకిప్పటికీ అనుమానమే. వెళ్ళి వేశాడు. వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ ట్యూబులైటు పాతది, వెంటనే వెలగదు, పది సార్లు టపటపా కొట్టుకుంటుంది. ఆ వెలుగు కళ్ళల్లో పడి బాబాయి కూడా టపటపా కొట్టుకున్నాడు. పిన్ని విసుగ్గా ఫోను ఎత్తేసరికి గుండ్రం పచ్చబడిపోయింది.

"అయిపోయింది!" అంది పిన్ని. "రెండు ట్యూబులైట్లూ ఒకేసారి వెలిగాయి."

నిమిషంలో మెసేజ్ వచ్చింది, ఏదో నంబరు. బాబాయి ఫోను లాక్కుని దూరంగా పెట్టుకుని చదువుకున్నాడు. "చూశావా, ఉన్నానట. డల్లాస్‌కి కూడా పంపు ఇది. వాడు ఫోన్ చేస్తే వాడికి సర్టిఫికెట్ అక్కర్లేకపోను."

"నిన్న గంటసేపు మాట్లాడాడు. మిషను పెట్టుకోలేదు కాబట్టి ఆఁ ఆఁ అని ఊరుకున్నారు."

భోజనాలయ్యాయి. పులుసులో ఉప్పు లేదని బాబాయి, ఉప్పు వెయ్యబోతుంటే దీపాలార్పిందెవరని పిన్ని, అది ఇంకో అరగంట. నేను చెప్పులేసుకుంటుంటే పిన్ని పక్క దులుపుతూ లోపల్నుంచి కేకేసింది.

"ఏమండీ, లైటు ఆర్పండి."

బాబాయి కుర్చీలోంచి కదల్లేదు. పడగ్గది గుమ్మం వైపు తిరిగి, నెమ్మదిగా, రెండుసార్లు కళ్ళు ఆర్పాడు.

"చాల్లెండి సంబడం, వాడింకా ఉన్నాడు" అంది పిన్ని.