ఆల్చిప్పలను గట్టున పోయొద్దు

వేసవిలో కాల్వలకు నీళ్లు ఆపేశాక, ఆల్చిప్పలు (మంచినీటి అడుగున బతికే రెండు చిప్పల జీవులు) మిగిలిన చోట అడుగుకు దిగి చూస్తే బురద మీద వేలితో గీసినట్టు సన్నని చాళ్లు ఉంటాయి. తగ్గుతున్న నీటి వెంట మడుగు వైపు పాకిన జాడ అది. చాలా చాళ్లు మడుగు చేరకుండానే ఆగిపోతాయి. బురదలో దాక్కున్నవాటిని పూడికతీతకు దిగిన పొక్లెయిన్ ఎత్తి గట్టున పోస్తుంది. ఎండకు చిప్పలు నోరు తెరుస్తాయి.

కృష్ణా కాల్వల్లోకి ఆల్చిప్పలను తిరిగి తేవాలంటే కొత్తవి తెచ్చి వదలడం ఆఖరి పని. ఉన్నవి చావకుండా చూడటం మొదటిది. పూడికతీత టెండరులోనే ఒక షరతు చేర్చాలి: ఎత్తిన బురదను ముందు పలుచగా పరచాలి, ఇద్దరు మనుషులు బతికిన చిప్పలను ఏరాలి, ఆ తర్వాతే గట్టుకెక్కించాలి. ఏరినవాటిని తడి గోనెలో, నీడన ఉంచి, పొద్దుటిపూటే తరలించాలి. బక్కెట్టు నీళ్లలో కుక్కితే ప్రాణవాయువు అయిపోయి చస్తాయి. తడి గోనెలో కొన్ని గంటలు నిక్షేపంగా ఉంటాయి. అదే కాల్వలో ఎండని మడుగుకు చేర్చి, కాలు చాపే కొస కిందికి, నీరు పీల్చే కొస పైకి ఉండేలా, ఇసుక కలిసిన బురదలో సగానికి పైగా గుచ్చాలి. ఒడ్డున నిలబడి విసిరేస్తే లెక్కకు తప్ప పనికిరాదు.

పెద్ద చిప్ప రోజుకు పదుల లీటర్ల నీటిని వడగడుతుంది. అలాగని విజయవాడ మురుగును దాని నెత్తిన పెట్టలేం. పిల్ల చిప్పలకు అమ్మోనియా, రాగి పడవు. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో అమ్మోనియా పరిమితిని బిగించిందే వీటిని లెక్కలోకి తీసుకుని: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7, వేడి 20 డిగ్రీల దగ్గర, దీర్ఘకాలానికి లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. మన నీళ్లు అంతకంటే వెచ్చన. వేడి, పీహెచ్ పెరిగేకొద్దీ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అందుకే వదలబోయే చోట ముందు పదేసి చిప్పలను జాలీ బుట్టల్లో మూడు నెలలు ఉంచి చూడాలి. అవి చస్తే అక్కడ వేరేవి వదలడం దండగ.

ఇక చేప సంగతి. ఆల్చిప్ప పిల్ల పుట్టగానే చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని కొన్నాళ్లు గడపాలి. సరిపడని చేపయితే దాని ఒంటి రక్షణశక్తే రాల్చేస్తుంది. అందువల్ల ఏ జాతి చిప్పకు ఏ చేపో మత్స్యశాఖ తొట్టెల్లో తేల్చాలి. చేపల్ని పిల్లలున్న నీటిలో కాసేపు ఉంచి, మొప్పలను మైక్రోస్కోపు కింద చూసి, రాలినవాటిని సన్నని జల్లెడతో పట్టి లెక్కపెట్టడమే పని. ముత్యాల సాగు కోసం వాగుల్లోంచి గోనెలకొద్దీ ఏరుకుపోతున్నవారి మీదా ఓ కన్నుండాలి.

తరలించిన చిప్పలకు తడి తుడిచి నంబరు బిళ్ల అంటించి, నెలకోసారి, తర్వాత ఏడాదికోసారి చదరపు మీటరు చట్రం వేసి లెక్కించాలి. బిళ్లలేని చిన్న చిప్పలు, అంటే అక్కడే కొత్తగా పుట్టినవి, రెండు మూడేళ్లకైనా ఆ చట్రంలో పడకపోతే, ఎన్ని బతికినా అది ముసలి గుంపే. అప్పుడు చేపనూ అమ్మోనియానూ మళ్లీ మొదటి నుంచి చూడాలి.