మా లెవెల్ కాదండీ

యుద్ధ విమానాల మరమ్మతును ఎవరెవరికి ఎంతెంత పంచాలనే విషయంలో వైమానిక దళానికి ఒక నిశితమైన పద్ధతి ఉంది. ఆ పద్ధతిని విజయవాడ పటమటలోని మా ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లిఫ్టుకు అమలు చేసిన ఘనత మాత్రం మా లిఫ్టు సర్వీసు కంపెనీకే దక్కుతుంది. ఇంతటి దేశసేవను గుర్తించక, తొమ్మిది రోజులుగా మెట్లెక్కి దిగుతూ వాళ్లను నోటికొచ్చినట్లు తిడుతున్న మా ఇరుగుపొరుగు వారి అజ్ఞానానికి చింతిస్తూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

స్క్వాడ్రన్‌లో అంటే విమానాలను ఎగరేసే దళంలో, విమానం పక్కనే ఉండేవారిది మొదటి లైన్. ఎగిరే ముందు, దిగి మళ్లీ ఎగిరేలోపు, ఆ రోజుకు చివరిసారి దిగాక చూడవలసినవన్నీ చూడటం, టైర్లలో గాలి, ఆయిలు, ఇంధనం సరిచేయడం, పాడైన ఎలక్ట్రానిక్ పెట్టెను ఊడదీసి మంచి పెట్టెను బిగించడం వీరి పని. ఆ పెట్టె లోపల ఏ ముక్క చెడిందో వెతకడం వీరి పని కాదు. అదే స్థావరంలో ఉండే మరమ్మతు, సర్వీసింగు విభాగానిది రెండో లైన్; ఇన్ని గంటలు ఎగిరితే ఇంత సర్వీసు అనే లెక్క వీరు చూసుకుంటారు. విమానాన్ని ఎముకల దాకా విప్పవలసి వస్తే, నాగపూర్ కేంద్రంగా ఉన్న మెయింటెనెన్స్ కమాండ్ కింద బేస్ రిపేర్ డిపోలున్నాయి: సుఖోయ్‌కి నాసిక్ దగ్గరి ఓఝర్, ఏఎన్-32 రవాణా విమానానికి కాన్పూర్, ఎంఐ-17 హెలికాప్టర్లకు చండీగఢ్. అమెరికా వైమానిక దళం 1990లలో చాలా పరికరాలకు మధ్య మెట్టును ఎత్తేసి, స్క్వాడ్రన్, డిపో ఉంటే చాలనుకుంది. పాపం, వాళ్లకు మా కంపెనీ సలహా అందినట్లు లేదు.

మొదటి రోజు మొదటి లైన్ వచ్చింది. సంచి తగిలించుకుని బండి మీద వచ్చిన కుర్రవాడు పైకెక్కి, ప్యానెల్ తెరిచి, సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "కార్డు పోయిందండీ" అన్నాడు. కార్డంటే లిఫ్టును నడిపించే ఎలక్ట్రానిక్ పలక. మార్చేయమన్నాం. "కార్డు మా లెవెల్ కాదండీ, మాది గ్రీజు లెవెల్" అని చెప్పి, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య త్రిశంకు స్వర్గంలో వేలాడుతున్న లిఫ్టుకు శ్రద్ధగా గ్రీజు పూసి, సెక్రటరీ గారి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఐదో రోజు ల్యాప్‌టాప్‌తో రెండో లైన్ దిగింది. ఆయన కార్డును ముట్టుకోలేదు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి ఎవరికో పంపాడు. ఆయనది చూసే లెవెల్ అట. ఆరో రోజు వచ్చిన మూడో మనిషి దాన్ని ఊడబీకి, పాత దినపత్రికలో చుట్టి, హైదరాబాద్ పంపిస్తానన్నాడు. దాని బదులు మంచి కార్డేదని అడిగితే అది స్టోర్సు లెవెల్ అన్నాడు. ఏడో రోజు ఎవరూ పిలవకుండానే, చెప్పిన సమయానికి, ఇస్త్రీ చొక్కాతో ఒకాయన వచ్చాడు. ఆయనది వార్షిక కాంట్రాక్టు సొమ్ము వసూలు చేసే లెవెల్. ఆయన ఒక్కరికే పై లెవెల్ అనుమతి అవసరం లేకపోయింది.

వైమానిక దళం అంతస్తులు కట్టుకున్నది ఎందుకో ఒకసారి చూడండి. పరీక్షా యంత్రాలన్నీ ప్రతి స్క్వాడ్రన్ వెంటా మోసుకుపోలేరు కనుక చెడిన పెట్టె వెనక్కి ప్రయాణం చేస్తుంది, మంచి పెట్టె దాని స్థానంలో కూర్చుంటుంది, విమానం ఎగురుతుంది. పనిముట్ల పలకలో ప్రతి పానాకూ దాని ఆకారంలోనే ఒక గూడు ఉంటుంది. ఒక్కటి లెక్క తప్పినా అది దొరికేదాకా విమానాన్ని కదలనివ్వరు. మా గ్రీజు లెవెల్ కుర్రవాడి స్క్రూడ్రైవరు ఈ రోజుకీ లిఫ్టు గది కప్పు మీదే ఉంది. వైమానిక దళంలో ఎవరు ఏం చేశారో ఫారం 700 అనే విమానం చిట్టాలో రాసి సంతకం పెడతారు, పైలట్ కూడా అది చదివి సంతకం పెట్టాకే విమానం ఎక్కుతాడు. 2024 మార్చి 18న మన అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వేపై ఏఎన్-32 దిగి మళ్లీ ఎగిరిందే, దాని టైరు అక్కడ పగిలి ఉంటే కాన్పూర్ నుంచి కబురొచ్చేదాకా రోడ్డు మూసి కూర్చునేవారా?

అంత దూరం ఎందుకు, మా ఇంటికి కూతవేటు దూరంలో ఆటోనగర్ ఉంది. అక్కడా లెవెల్స్ ఉన్నాయి. నట్లు విప్పే కుర్రాడొకడు, చెవి పెట్టి ఇంజన్ చప్పుడు వినే మేస్త్రీ ఒకడు, పక్క సందులో లేత్ మిషన్ ఒకటి. ముగ్గురూ అరిస్తే వినబడేంత దూరంలో ఉంటారు, సాయంత్రానికి లారీ రోడ్డెక్కుతుంది.

ఐదో రోజు సంగతి కొంత దాచాను. రెండో లైన్ ఆయన మూడో అంతస్తులో ఫొటోలు తీస్తున్న సమయానికే నాలుగో అంతస్తు మామ్మగారికి ఆయాసం ఎక్కువైంది. ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వాచ్‌మన్, బీటెక్ చదివే ఇద్దరు కుర్రాళ్లు, నేను 72 మెట్లు దింపాం. ప్రతి మలుపులోనూ ఆవిడ గోడ పట్టుకోబోతూ, "మీకు శ్రమ, మీకు శ్రమ" అంటూనే ఉన్నారు. ఒక కాలు పట్టుకోవయ్యా అని ల్యాప్‌టాప్ ఆయన్ని అడిగితే, గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. ఊపిరందని ముసలామె కుర్చీ పట్టుకోవడానికి ఏ లెవెల్ కావాలయ్యా నీకు? లెవెలట లెవెల్! ఏడాది సొమ్ము ముందే కట్టించుకుని, ఉన్న ఒక్క కార్డూ ఊడబీక్కుని పోయి, బదులు కార్డు ఇవ్వనివాడికి ఆ మాట పలకడానికి సిగ్గుండాలి. వీళ్లు పంచుకున్నది పని కాదు, తప్పించుకునే దారులు.

మామ్మగారు కోలుకున్నారు. లిఫ్టు నడిచేదాకా గుంటూరులో కూతురింట్లోనే ఉంటారట. రోజూ సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చేస్తారు. నిన్న తన ఆయాసం సంగతి నేను అడిగేలోపే, "కార్డు సూర్యాపేట దాటిందా నాయనా?" అని అడిగారు.