ముందు కార్డు, ఆ తర్వాతే సత్యాన్వేషణ

డాక్టరేట్ చెయ్యడానికి యూనివర్సిటీలో కొత్తగా అడుగుపెట్టిన సోదరీ సోదరులారా! విజ్ఞాన భాండాగారంలో మీ వంతుగా నాలుగు గింజలు పోద్దామని వచ్చారు. చాలా సంతోషం. అయితే ఆ గింజలు ఎక్కడ పొయ్యాలో చెప్పే కౌంటరు మొదటి అంతస్తులో ఉంటుంది. మూడింటికి మూసేస్తారు. లోపలికి వెళ్ళాలంటే ఐడీ కార్డు కావాలి.

నేను ఈ రంగంలో ఆరేళ్ళుగా ఉన్నాను. పరిశోధన రంగంలో అని కాదు, ఆ మాట మా గైడ్ ఒప్పుకోరు. పరిశోధనకు ముందు చెయ్యవలసిన పనుల రంగంలో. ఆ అనుభవంతో కొత్తవాళ్ళకు దారి చూపే బాధ్యతను నా అంతట నేనే నెత్తికెత్తుకున్నాను. ఎవరూ అడగలేదు. అడక్కుండా సలహా ఇవ్వడం సీనియర్ స్కాలర్ జన్మహక్కు. స్టైపెండ్ ఆగిపోయాక కూడా మిగిలేది అదొక్కటే.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అనలేదు. అడ్మిషన్ లెటర్ దేవుడిచ్చిన వరం. ఐడీ కార్డు పూజారి చేతిలో ఉంది. ఆ కార్డు కావాలంటే యూనివర్సిటీ ఈమెయిల్ ఉండాలి. ఈమెయిల్ కావాలంటే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు రావాలంటే ఫీజు కట్టిన రసీదు ఉండాలి. ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి, ఆ పేజీలోకి లాగిన్ అవ్వాలంటే యూనివర్సిటీ ఈమెయిల్ ఉండాలి. దీన్ని తర్కశాస్త్రంలో చక్రక దోషం అంటారు. ఆఫీసులో ప్రొసీజర్ అంటారు.

నేను మొదటి మూడు వారాలూ హెల్ప్‌డెస్క్‌కు మెయిళ్ళు రాస్తూ గడిపాను. 'నాకు ఇంకా యూనివర్సిటీ మెయిల్ రాలేదండీ' అని నా సొంత మెయిల్ నుంచి రాసేవాణ్ణి. 'దయచేసి మీ యూనివర్సిటీ మెయిల్ నుంచి రాయగలరు' అని జవాబు వచ్చేది. అంతటి వేగంతో, అంతటి మర్యాదతో నాకు ఈ ఆరేళ్ళలో మరెవరూ జవాబివ్వలేదు.

ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట చేత్తో పట్టుకుని ఆపగలిగే మనిషి ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు. ప్రొఫెసర్ కాదు, హెడ్ కూడా కాదు. మా దగ్గర ఆవిడ ఆఫీసు గదిలో ఓ మూల కూర్చుంటారు. టేబుల్ మీద రెండు చిన్న పూలకుండీలు, మూడు రబ్బరు స్టాంపులు, ఎవరో మర్చిపోయిన ఒక గొడుగు. ఏ ఫారం మీద ఎవరి సంతకం కావాలో, ఆ సంతకం చేసే పెద్దమనిషి ఏ రోజు కుదురుగా దొరుకుతారో, పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆవిడకు తెలుసు. హెడ్‌లు మారుతుంటారు, గొడుగు మారదు. నేను ఆవిడ దగ్గరికి నాలుగో వారంలో వెళ్ళాను. 'మొదటి రోజే రావచ్చుగా' అని ఫోన్ తీశారు. ఇరవై నిమిషాల్లో నాకు మెయిల్ వచ్చింది. మొట్టమొదటి ఉత్తరం హెల్ప్‌డెస్క్ నుంచే: 'మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

అడగనిదే అమ్మైనా పెట్టదు అన్న సామెత తెలిసి కూడా స్కాలర్లు ఎవర్నీ ఏమీ అడగరు. అడిగితే తెలియదని తెలిసిపోతుందని భయం. తెలియనిది తెలుసుకోవడానికే జీతమిచ్చి కూర్చోబెట్టిన ఏకైక ఉద్యోగంలో ఉండి ఈ భయమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నాకూ ఉంది.

రూల్స్ పుస్తకం ఒకటి ఇస్తారు. దాన్ని చదవకూడదన్నది మన సంప్రదాయం. టాపిక్ ఎప్పటిలోగా రిజిస్టర్ చేసుకోవాలి, కోర్సువర్క్ ఎన్ని క్రెడిట్లు, ఏడాదికోసారి జరిగే రివ్యూలో ఏం చూపించాలి, గరిష్ఠంగా ఎన్నేళ్ళు భరిస్తారు, అన్నీ అందులోనే ఉంటాయి. నేను నాలుగో ఏడు ఖాళీగా ఉండి చదివాను. మూడో ఏడు చెయ్యవలసిన పని ఒకటి కనబడింది.

ఇక గైడ్. ముందు ఆయన్ని ఏమని పిలవాలన్నది పెద్ద చిక్కు. మొదటి మెయిల్‌లో 'డియర్' అని కొట్టి, ఆ తర్వాత ఏం రాయాలో తేలక నలభై నిమిషాలు కూర్చున్నాను. పేరు పెట్టి రాయడానికి చెయ్యి రాదు. ప్రొఫెసర్ అంటే మరీ కోర్టులో పిలిచినట్టుంది. పేరుకు ముందు డాక్టర్ అని పెడితే, ఆ మాట నా దగ్గర లేదన్న సంగతి నాకే గుర్తొస్తోంది. చివరికి ఏ సంబోధనా లేకుండా 'గుడ్ మార్నింగ్' అని మొదలుపెట్టాను. పంపేసరికి సాయంత్రమైంది. తర్వాత తెలిసిందేమిటంటే, పక్కనున్న సీనియర్‌ని అడిగితే అర నిమిషంలో తేలిపోయేదట.

మొదటి మీటింగ్‌కు చాలామంది గైడ్ రాసిన పేపర్లన్నీ బట్టీపట్టి వెళ్తారు. ఆయన రాసినవి ఆయనకు తెలుసు. (కొన్ని మర్చిపోయి ఉంటారు, మనం గుర్తుచేస్తే ఇబ్బందిపడతారు.) అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎన్నాళ్ళకోసారి కలుద్దాం? రాసి ఇచ్చింది ఎన్నాళ్ళలో చూస్తారు? పేపర్ రాస్తే ఎవరి పేరు ముందుంటుంది? మీరు ఏడాది సెలవు మీద వెళ్తే నా గతేమిటి? మొదటి మీటింగ్‌లో అడిగితే వీటిని వినయం అంటారు. మూడో ఏడు అడిగితే కమిటీ వేస్తారు.

ఆయన మాటలు అర్థం చేసుకోవడం ఇంకో విద్య. నా మొదటి ప్రపోజల్ చూసి మా గైడ్ 'బాగుంది' అన్నారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, అమ్మ చుట్టాలందరికీ చెప్పింది. రెండు నెలల తర్వాత తేలింది, ఆయన బాగుందన్నది ఫాంట్ గురించని. అప్పట్నుంచి మీటింగ్ అయిన రోజే నాలుగు లైన్ల మెయిల్ పెడుతున్నాను: ఈరోజు మనం అనుకున్నవి ఇవీ, నేను చేసుకొచ్చేవి ఇవీ, మీరు చూస్తానన్నవి ఇవీ అని. ఆయన జవాబివ్వరు. కానీ 'నేనలా అన్నానా?' అని అడగడం మానేశారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టాపిక్ ఖరారు కాకముందే థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ రాసిపెట్టుకునేవాళ్ళు ఉన్నారు. తప్పేం లేదు, నా థీసిస్‌లో పూర్తయిన భాగం అదొక్కటే. మరికొందరు గణితశాస్త్రవేత్త జాన్ నాష్ కథ పట్టుకొస్తారు. 1950లో ప్రిన్స్‌టన్‌లో ఆయన ఇచ్చిన థీసిస్ 28 పేజీలే. అందులోని ఆలోచనకే 1994లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ సంగతి నేను మా గైడ్ చెవిన వేశాను. 'అలాంటిదైతే ఎనిమిది పేజీలున్నా తీసుకుంటాను' అన్నారు.

స్కాలర్లు జపించే కథ ఇంకోటి ఉంది. 1939లో బర్క్లీలో జార్జ్ డాంట్జిగ్ అనే విద్యార్థి జెర్జీ నేమన్ క్లాసుకు ఆలస్యంగా వెళ్ళాడు. బోర్డు మీద రెండు లెక్కలున్నాయి. హోంవర్క్ అనుకుని ఎక్కించుకున్నాడు. మామూలుకన్నా కాస్త కష్టంగా ఉన్నాయే అనుకుంటూ చేశాడు, లేటైనందుకు క్షమించమని చెప్పి మరీ ఇచ్చాడు. తీరా చూస్తే అవి స్టాటిస్టిక్స్‌లో అప్పటిదాకా ఎవరూ తేల్చని సమస్యలు. తర్వాత థీసిస్‌కు టాపిక్ దొరక్క అతను దిగులుపడుతుంటే, ఆ రెంటినే ఫైల్లో పెట్టి ఇచ్చెయ్యమన్నాడు నేమన్. దీన్నుంచి మనవాళ్ళు నేర్చుకున్నది క్లాసుకు లేటుగా వెళ్ళడం. నేనూ చాలాసార్లు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బోర్డు తుడిచేసి ఉండేది.

క్యాంపస్ భూగోళం మొదటి వారంలోనే తెలుసుకోవాలి. పనిచేసే ప్రింటర్ ఎక్కడుంది, ఆదివారం ఏ గేటు తీసి ఉంటుంది, కాఫీ ఎక్కడ దొరుకుతుంది. చివరిది చిన్న విషయం కాదు. 1991లో కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబ్‌లో పరిశోధకులు, అంతదూరం నడిచి వెళ్తే కాఫీ పాత్ర ఖాళీగా ఉంటోందని, దాని ఎదుట ఒక కెమెరా బిగించి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చుని చూసుకునే ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత దాన్ని ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. వెబ్‌క్యామ్ చరిత్ర అక్కణ్ణుంచే చెబుతారు. థీసిస్ కోసం కాక, థీసిస్ తప్పించుకోవడానికి లేచి వెళ్ళే దారిలోనే అసలు ఆవిష్కరణలు జరుగుతాయని నా ప్రగాఢ విశ్వాసం. దీనికి ఆధారాలు సేకరిస్తూ రోజుకు ఐదుసార్లు లేస్తున్నాను.

లైబ్రరీ గురించి ఎక్కువ చెప్పను. దించుకున్నదంతా చదివినట్టే అన్న నమ్మకం మీద మన వృత్తి నడుస్తోంది. నా దగ్గర పద్నాలుగు వందల పీడీఎఫ్‌లున్నాయి, అందులో చాలావాటి పేరు 'డౌన్‌లోడ్'. జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ 2006 నుంచీ ఉచితంగా దొరుకుతోంది, రిఫరెన్సులన్నీ అదే సర్దిపెడుతుంది. లైబ్రేరియన్ దగ్గర అరగంట కూర్చుంటే నేర్పుతారు కూడా. నేను మాత్రం మొదటి రెండేళ్ళూ చేత్తోనే కొట్టాను. రిఫరెన్సులో సంవత్సరం అంకె పక్కన పెట్టేది కామానా, చుక్కానా అన్న విషయంలో నా అంత లోతుగా ఆలోచించినవాడు లేడు.

బ్యాకప్ మాత్రం వివరంగా చెప్పాలి, ఇది నా గాయం. 1835లో థామస్ కార్లైల్ ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటం రాసి, ఉన్న ఒక్క ప్రతినీ చదివి పెట్టమని మిత్రుడు జాన్ స్టూవర్ట్ మిల్‌కు ఇచ్చాడు. మిల్ ఇంట్లో పనిమనిషి చిత్తుకాగితాలనుకుని నిప్పులో వేసిందని చెబుతారు. కార్లైల్ మళ్ళీ మొదటినుంచీ రాశాడు. ఇది చదివి నేను కళ్ళు తెరిచాను. మూడు కాపీలుండాలి, రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి వేరే భవనంలో ఉండాలి అన్నది ఈ విద్యలో మూల సూత్రం. మూడు కాపీలూ చేశాను. డెస్క్‌టాప్ మీద ఒకటి, డాక్యుమెంట్స్‌లో ఒకటి, 'బ్యాకప్' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో ఒకటి. అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో. అందులో నీళ్ళు పోసింది పనిమనిషి కాదు, నేనే. కార్లైల్‌కు తిట్టుకోవడానికైనా ఒక మిల్ ఉన్నాడు.

మొదటి వారం పరిచయ సభలో ఒక్కొక్కరూ లేచి తమ టాపిక్ చెబుతుంటే మీకు చెమటలు పడతాయి. వీళ్ళందరికీ అన్నీ తెలుసు, నాకు ఉత్తరం పొరపాటున వచ్చింది అనిపిస్తుంది. పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే ఈ భావనను వర్ణించి ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. కాబట్టి ఈ దిగులు కూడా మీ సొంత ఆవిష్కరణ కాదు. నేను అనుమానం తీరక ఆఫీసులో ఆవిడనే అడిగాను, నన్ను పొరపాటున తీసుకున్నారేమో చూడమని. ఆవిడ రిజిస్టర్ తిప్పి చూసి, 'లేదు, నీ పేరే' అన్నారు. కొంచెం విచారంగానే.

ఎప్పటికి అయిపోతుందని చుట్టాలు అడుగుతారు. ఏ సంఖ్యా చెప్పకండి. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో డిగ్రీ థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే, సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే 49 అన్నారు. పట్టింది 55. అన్నీ ఎదురుతిరగడం కన్నా ఘోరమైనది ఒకటుందన్నమాట, దాని పేరు మామూలు జీవితం. అయినా తొందరేముంది? క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే 1970ల మొదట్లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సౌరకుటుంబంలోని ధూళి మీద పరిశోధన మొదలుపెట్టి, పాటల్లో పడి, 2007లో థీసిస్ ఇచ్చాడు. ధూళి మీద థీసిస్, థీసిస్ మీద ముప్ఫై ఏళ్ళ ధూళి. ఆయన్ని మా అమ్మకు ఉదాహరణగా చెప్పాను. 'అతను మధ్యలో వేరే పనేదో బాగా చేశాడుగా' అంది.

ఇవన్నీ మొన్న సోమవారం మా గదిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పాను. గంటన్నర చెప్పాను. మధ్యలో ఒకసారి కాఫీ కోసం లేచాం, వెబ్‌క్యామ్ కథ అక్కడ చెప్పాను. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా విని, రెండు మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా.

"అన్నా, ఆఫీసులో ఆ గొడుగావిడ ఎన్నింటికి వస్తారు?"

పదింటికి వస్తారని, పదకొండున్నరకు టీకి వెళ్తారని, ఆ మధ్యలోనే పట్టుకోవాలని, వెళ్ళేముందు ఎలా మాట్లాడాలో నేను వివరంగా చెబుతానని అన్నాను. మంగళవారం నేను వచ్చేసరికి పన్నెండైంది. ఆ అమ్మాయి మెడలో కార్డు వేలాడుతోంది. ల్యాప్‌టాప్‌లో యూనివర్సిటీ మెయిల్ తెరిచి ఉంది. గది తాళంచెవి టేబుల్ మీద ఉంది, అది నాకు రావడానికి ఏడాది పట్టింది.

"ఆవిడ మీ గురించి కూడా అడిగారన్నా" అంది. "మీ కార్డు గడువు అయిపోయి నాలుగు నెలలైందట. రెన్యువల్‌కి మెయిల్ పెట్టమన్నారు. కాకపోతే కార్డుతోపాటు మీ మెయిల్ కూడా ఆగిపోయి ఉంటుందట."