సవరణ: ఏటికొప్పాక భరిణె గురించి నేను రాసిన తప్పు

గత వారం ఏటికొప్పాక కొయ్య కుంకుమ భరిణె గురించి రాస్తూ, "మూలలున్న వస్తువు పట్టుకుంటే మెదడు భయపడుతుంది, గుండ్రటిది పట్టుకుంటే నెమ్మదిస్తుంది, ఇది రుజువైంది" అన్నాను. అది తప్పు.

నేను ఆధారం చేసుకున్నది మోషే బార్, మైటల్ నెటా అనే మెదడు పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశోధన. అందులో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఎంఆర్ఐ యంత్రంలో పడుకుని బొమ్మలు చూశారు, అంతే. కోసుగా ఉన్న వస్తువుల బొమ్మలకు, వంపు తిరిగినవాటికంటే మెదడులో అమిగ్డలా అనే భాగం ఎక్కువగా స్పందించింది. స్పందించినంత మాత్రాన భయమేసినట్టు కాదు. మనకు ఇష్టమైనవాటికి కూడా అది స్పందిస్తుంది.

స్పర్శ సంగతి వేరు. నెమ్మదిగా నిమిరితే హాయినిచ్చే నరాలు ఎక్కువగా ముంజేయిలాంటి రోమాలుండే చర్మంలో ఉంటాయి, అరచేతిలో చాలా తక్కువ. బీచ్ రోడ్డులో కొన్న ఆ భరిణె ఇప్పుడూ నా టేబుల్ మీదే ఉంది. మూత తిప్పుతుంటే లక్క పూత మీద వేలు జారడం వేరే నరాలు చెప్పే కబురు. పక్కనున్న స్టీలు డబ్బా చల్లగా తగులుతుంది. నిజానికి రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. స్టీలు వేలి వేడిని త్వరగా లాగేస్తుంది, భరిణె చేసిన అంకుడు కర్ర అంత త్వరగా లాగదు.

ఏటికొప్పాక 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. విశాఖ జిల్లా అని రాశాను, అదీ దిద్దాను.

టెన్షన్ తగ్గుతుందేమోనని ఇంట్లో బల్లలన్నీ తీసేసి గుండ్రటివి పెట్టాలనుకుంటున్న ఎంవీపీ కాలనీ అమ్మగారూ, దయచేసి నా పాత మాట నమ్మి డబ్బు పెట్టకండి.