వలోనియా విషయంలో తప్పింది పాఠ్యపుస్తకం కాదు

సముద్రపు అడుగున గాజుగోళంలా మెరిసే ఆకుపచ్చ బంతి చిత్రంతో విస్తృతంగా చలామణీ అవుతున్న వాదన ఇది: వలోనియా వెంట్రికోసా అనే ఈ శైవలం ప్రపంచంలోకెల్లా పెద్ద ఏకకణ జీవి; దానిలో ఉన్నది ఒకే ఒక్క కేంద్రకం; కణం మరీ పెద్దదైతే బతకలేదన్న పాఠ్యపుస్తక సూత్రం దీనితో తప్పని తేలింది; సూదితో గుచ్చితే మాత్రం అది అక్కడికక్కడే చచ్చిపోతుంది.

మొదటి మాటకు ఎక్కువ చర్చ అక్కర లేదు. వలోనియా వ్యాసం సాధారణంగా 1 నుంచి 4 సెంటీమీటర్లు. కాలర్పా అనే మరో ఆకుపచ్చ శైవలం, కాండమూ ఆకులూ వేళ్లూ ఉన్న మొక్కలా కనిపించినా, లోపల ఎక్కడా అడ్డుగోడలు లేని ఒకే కణం. దాని పాకుడు తీగ మీటరు దాటి సాగుతుంది.

ఒకే కేంద్రకం అన్నది పూర్తిగా తప్పు. వలోనియా బహుకేంద్రక కణం. బహుశా దీన్ని అసెటబులేరియాతో కలగలిపి ఉంటారు: గొడుగు ఆకారంలో ఉండే ఆ శైవలానికి జీవితంలో ఎక్కువ భాగం అడుగున ఒకే కేంద్రకం ఉంటుంది కనుకనే, 1930ల్లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెమర్లింగ్ కేంద్రకం పాత్రను తేల్చే ప్రయోగాలకు దాన్ని ఎంచుకున్నాడు.

అసలు పొరపాటు సూత్రం దగ్గర ఉంది. గోళం పెద్దదయ్యేకొద్దీ ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితల వైశాల్యం తగ్గుతుంది. 40 మైక్రోమీటర్ల కణంతో పోలిస్తే 4 సెంటీమీటర్ల గోళంలో ఈ నిష్పత్తి వెయ్యో వంతు. గోళం నిండా జీవద్రవ్యమే ఉంటే, పోషకాలు విసరణ ద్వారా, అంటే వాటంతటవే మెల్లగా వ్యాపిస్తూ, మధ్య భాగానికి చేరేలోపు అది బతకడం కష్టమే. కానీ వలోనియా లోపల దాదాపు అంతటా ఉన్నది రిక్తిక, అంటే లవణాలు కరిగిన ద్రవంతో నిండిన ఖాళీ. (ఇది ఊరికే లోపలికి చేరిన సముద్రపు నీరు కాదు, బయటి నీటికంటే ఇందులో పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ.) జీవద్రవ్యం కణకవచాన్ని అంటుకుని పలుచని పొరగా మాత్రమే ఉంటుంది. ఆ పొర కూడా చిన్న చిన్న ప్రాంతాలుగా ఏర్పడి, ఒక్కో ప్రాంతం తన కేంద్రకంతోనూ కొన్ని హరితరేణువులతోనూ పనిచేస్తూ, సన్నని జీవద్రవ్య వారధులతో పక్కవాటితో కలిసి ఉంటుంది. కాబట్టి ఏ కేంద్రకమూ నాలుగు సెంటీమీటర్ల గోళాన్ని ఒంటరిగా నడపడం లేదు, ఏ హరితరేణువూ సముద్రపు నీటికి దూరంగా లేదు. వలోనియా సూత్రాన్ని ధిక్కరించి పెద్దది కాలేదు. దానికి లోబడిన నిర్మాణం వల్లనే కాగలిగింది.

ఇన్ని కేంద్రకాలున్నదాన్ని ఒకే కణం అనవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. జీవద్రవ్యం అవిచ్ఛిన్నంగా ఉంది కనుక అనడంలో తప్పు లేదని నా అభిప్రాయం. అయితే అడుగు భాగంలో, రాతిని పట్టుకునే చోట, సొంత కవచాలు గల చిన్న కటకాకార కణాలు ఏర్పడతాయన్న సంగతిని చలామణీలో ఉన్న ఆ వాదన ప్రస్తావించనే లేదు.

ఇక సూది సంగతి. గాయపడిన చోట ఆ గోళం చితికిపోవచ్చు, కానీ ఈ వర్గపు శైవలాల్లో గాయం తరువాత జీవద్రవ్యం ముడుచుకుని అనేక చిన్న గోళాలుగా విడిపోతుంది. వాటిలో కేంద్రకాలు చేరినవి కొత్త కవచం కట్టుకుని వేర్వేరు శైవలాలుగా పెరగగలవు.