శ్రీకాకుళం మాట వెంట పోతే

ఎండాకాలం శ్రీకాకుళం పల్లెల్లో తాగే అంబలి చోడిపిండిది. చోళ్ళంటే మిగతా కోస్తాలో చాలామందికి రాగులు, తెలంగాణ పల్లెల్లో తైదలు. ఒకే గింజకి ఇన్ని పేర్లేమిటన్న ఆసక్తి పుడితే ఇప్పుడు ఏ గ్రంథాలయానికీ పోనక్కర్లేదు. ఆంధ్రభారతి సైటులో మాట కొడితే బ్రౌన్ నిఘంటువుతో సహా ఎన్నో నిఘంటువులు ఒక్కసారే తెరుచుకుంటాయి. ఒక మాట కోసం వెళ్ళినవాళ్ళు పక్కనున్న పది మాటలు చదువుకుని గానీ బయటికి రారు. దీన్ని ఉత్త కాలక్షేపం అనుకోవడం పొరపాటు. మన యాస అంటే ఏమిటో మనకే తెలియజెప్పే పని ఇది.

‘వచ్చినాడు’ అనే మాటనే తీసుకోండి. శ్రీకాకుళం కుర్రాడు విజయవాడ కాలేజీలో ఈ మాట అంటే పక్కవాళ్ళు నవ్వుతారు, వాడు నాలుగు రోజుల్లో ‘వచ్చాడు’కి మారిపోతాడు. కానీ పాత తెలుగులో ఉన్నది ‘వచ్చినాడు’ అనే రూపమే. మధ్య కోస్తాలో అది కుదించుకుపోయి ‘వచ్చాడు’ అయింది, పత్రికలూ పాఠ్యపుస్తకాలూ దాన్నే పట్టుకున్నాయి. మ్యాపులో ఆ చివరనున్న రాయలసీమలోనూ, ఈ చివరనున్న మన దగ్గరా నిండు రూపం నిలిచిపోయింది. అంటే ఇది చదువు లేనివాళ్ళు పాడుచేసిన తెలుగు కాదు, పాతకాలం నుంచి వస్తున్న తెలుగు. ఈ సంగతి ఆ కుర్రాడికి పదో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో విచిత్రం ఉంది. ‘వచ్చాడు’ అన్నప్పుడు నిజంగా మన నోట పలికేది ‘ఆ’ కాదు, ‘ఏ’ కూడా కాదు, రెంటికీ మధ్యది. ‘బ్యాంకు’లో వినిపించే అచ్చు అది. దానికి తెలుగు లిపిలో వేరే అక్షరం లేదు. అందుకే కొందరు ‘వచ్చాడు’ అని రాస్తే, మన వైపు రచయితలు చాలామంది ‘వచ్చేడు’ అని రాశారు. పాత కథల్లో అది అచ్చుతప్పని దిద్దేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ప్రాంతాన్ని బట్టి అర్థమే మారిపోయే మాటలూ ఉన్నాయి, ‘అప్ప’ అలాంటిదే. మన ఇళ్ళల్లో అప్ప అంటే అక్క. కన్నడంలో, తమిళంలో నాన్న.

ఈ ఆసక్తికి మన జిల్లాలో పెద్ద దిక్కు గిడుగు రామమూర్తి. 1863లో పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, కొండల్లోని సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. సవర తెలుగుకి చుట్టం కాదు, ముండా భాషా కుటుంబానిది. ఆ భాషకి 1936లో మంగే గమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ వాడే అక్షరాల పట్టికలో, చేరింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు ఫొటోకి దండ వేస్తున్నాం. ఆయన పట్టించుకున్నది జనం నోట్లో మాటని. అదే మాట సినిమాలో పనిమనిషి పాత్రకి, అమాయకుడి పాత్రకి తప్ప పనికిరాదన్నట్టు ఇన్నేళ్ళూ చూపిస్తే మనమే పకపకా నవ్వాం.

నెట్‌లోనూ అదే వరస. ‘సేసీసినాడు’ (చేసేశాడు), ‘ఒగ్గీ’ (వదిలేయ్) లాంటి మాటలు కనిపించేది ఎక్కువగా కామెడీ రీల్స్‌లోనే. మామూలు విషయం రాయాల్సి వస్తే అందరం పుస్తకం తెలుగులోకి దూరిపోతాం. రాయనిది వెతికితే దొరకదు. దానికి తోడు స్పెల్లింగ్ చిక్కొకటి: చోళ్ళు, చోళ్లు, సోళ్ళు మనిషికి ఒకటే, సెర్చ్‌కి మాత్రం మూడు వేర్వేరు మాటలు. రాసేవాళ్ళు పలికినట్టు ఒకసారి, పుస్తకంలో ఉన్నట్టు ఒకసారి రాసి, పక్కన ఊరి పేరు పెడితే చాలు, సగం చిక్కు తీరిపోతుంది.

ఊరి పేరు పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం చేసింది ఆ పనే. 1962లో వ్యవసాయం మాటలు, 1971లో చేనేత మాటలు, ఏ మాట ఏ ప్రాంతానిదో చూపిస్తూ అచ్చేశారు. అప్పట్లో దానికి మనుషులు ఊరూరా తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డర్ ఉంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, సన్నని నూలు తీసే ఆడవాళ్ళున్నారు. పలాస జీడి బట్టీల్లో కాయ కాల్చడం, పిక్క కొట్టడం, పప్పు ఏరడం రోజూ చేసేవాళ్ళున్నారు. పనిముట్టుకో పేరు, పప్పు రకానికో పేరు వాళ్ళ నోట్లో ఉంటుంది. ఆ ఊళ్ళలో చదువుకున్న పిల్లలకి మొదటి పని అక్కడే ఉంది: అమ్మనో, అప్పనో కూర్చోబెట్టి ఒక్కో పనికి, ఒక్కో వస్తువుకి ఏమంటారో అడిగి రికార్డు చేసి, ఊరి పేరుతో నెట్‌లో పెట్టడం.