సీసా మారితే చాలు

కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్, మంచినీళ్ల సీసాలో ఫినాయిల్. మన ఇళ్లలో విషానికి సొంత పాత్ర ఉండదు. రెండేళ్ల పిల్లవాడికి చదవడం రాదు, సీసాను మాత్రం గుర్తుపడతాడు. నిన్న అలాంటి దానితోనే అమ్మ నీళ్లు పట్టింది కనుక ఇవాళ తానే ఎత్తుకుని తాగాడు. అలాంటి వార్తలో ‘తల్లి ఏమరుపాటు’ అని రాసి చేతులు దులుపుకోవడం పత్రికలకు అలవాటు. ఆ పాపంలో మా వాటా కూడా ఉంది.

పురుగుమందు డబ్బామీద విషతీవ్రతను చెప్పే రంగు గుర్తు చట్టప్రకారం ఉండి తీరాలి. ఎరుపైతే అత్యంత విషపూరితం. పత్తి చేలో పిచికారీ అయ్యాక కాస్త మందు మిగులుతుంది. పక్క చేను రైతు అడిగితే ఖాళీ నీళ్ల సీసాలో పోసిస్తారు. ఎర్ర గుర్తు, మందు పేరు, విరుగుడు వివరం పాత డబ్బామీదే ఉండిపోతాయి. ఆస్పత్రిలో డాక్టరు ‘ఏ మందు?’ అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో తేలింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు.

ఇక మన సొంత వైద్యం. కిరోసిన్ తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పట్టి కక్కిస్తారు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అసలు ప్రమాదం అక్కడే. యాసిడ్ అయితే దిగేటప్పుడు కాల్చిన గొంతును పైకి వస్తూ మళ్లీ కాలుస్తుంది. వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేయాలి, ఆ సీసాను కూడా వెంట తీసుకెళ్లాలి.

మాత్రల సంగతీ అంతే. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలు ఎర్రగా మిఠాయిల్లా ఉంటాయి. అవి చేరే ఇంట్లో తరచూ మరో పసిబిడ్డ పాకుతుంటుంది. మందును చాక్లెట్ అని చెప్పి మింగించే పెద్దల తెలివికి ఏమనాలి!

నొక్కి తిప్పితే గాని రాని మూతలను అమెరికా 1970లోనే చట్టం చేసి తెచ్చింది. అక్కడ పసివాళ్ల మరణాలు తగ్గాయి. మన దగ్గర ఫినాయిల్, యాసిడ్, పురుగుమందుల సీసాలకు అలాంటి మూత తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని కోరుతున్నాం. ధర పెరుగుతుందని కంపెనీలు అంటాయి, అననీయండి. ఈలోగా పాత నీళ్ల సీసాల్లో యాసిడ్ నింపి వీధుల్లో అమ్మే బండ్లను ఆపడానికి పార్లమెంటు అక్కర్లేదు. మున్సిపాలిటీలు తలచుకుంటే ఈ వారమే ఆపవచ్చు.